అరగంటలో పెనం మీద చేప, క్రీమ్ సాస్: తోలు కరకరలాడాలి, సాస్ విరగకూడదు

నిమ్మచెట్టు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మొన్న వైజాగ్ వెళ్లినప్పుడు ఒక హోటల్లో చేప తిన్నాం. చేతి వెడల్పు ముక్క, తోలు వైపు అప్పడంలా కరకరలాడుతోంది, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడిపోతోంది. కింద వెల్లుల్లి, నిమ్మ వాసనతో చిక్కటి క్రీమ్ సాస్. ముల్లు భయం లేకుండా పిల్లలిద్దరూ ప్లేటు ఖాళీ చేశారు. ఇంటికొచ్చాక అదే చెయ్యమని ఒకటే గొడవ.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర. ఎనిమిదిన్నరకల్లా పిల్లలు తినెయ్యాలి. చేపల పులుసు పెట్టడం నాకు బాగానే వచ్చు, కానీ అది ఆదివారం వంట. పైగా పులుసు మర్నాటికే రుచి. వారం మధ్యలో గబగబా అయిపోయే చేప కావాలి.

ఓవెన్ లేదు. గ్యాస్ స్టవ్, ఒక నాన్‌స్టిక్ పాన్, అమ్మ ఇచ్చిన ఇనప పెనం ఉన్నాయి. ఇంట్లో వైన్ వాడం. ఏ చేప కొనాలి, కొట్లో ఎలా కోయించాలి? తోలు పెనానికి అతుక్కోకుండా ఎలా? క్రీమ్‌లో నిమ్మరసం పడితే విరిగిపోదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉప్పుటేరు, భీమవరం

చేప సంగతి నేను చెబుతానమ్మా, మాది చేపల వ్యాపారమే.

మీరు హోటల్లో తిన్నది దాదాపు పండుగప్పే అయివుంటుంది. ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ బతికే చేప. మా పశ్చిమ గోదావరి, కృష్ణా వైపు చెరువుల్లో పెంచుతున్నారు. ఆస్ట్రేలియా హోటళ్లలో బారాముండి అని వడ్డించేదీ ఇదే. కండ గట్టిగా తెల్లగా ఉంటుంది, తోలు మందంగా ఉంటుంది, కండలో సన్న ముళ్లు ఉండవు. తోలు కరకరలాడాలంటే ఇంతకంటే మంచి చేప మన దగ్గర లేదు.

కిలోన్నర చేప తీసుకోండి. కొట్లో ఇలా చెప్పండి: "పొలుసు శుభ్రంగా తియ్యి, తోలు ఉంచు, నడి ముల్లు తీసి రెండు పక్కలా ఫిల్లెట్ కొట్టు." రెండూ కలిపి ఆరేడు వందల గ్రాములు వస్తాయి, నలుగురికి సరిపోతుంది. తల, నడి ముల్లు అక్కడే వదిలెయ్యకండి. డబ్బులిచ్చి కొన్నారు, అవి ఇంటికి తెచ్చుకుంటే మర్నాడు పులుసు.

శీలావతి, బొచ్చె మాత్రం ఈ వంటకి వద్దు. వాటి కండలోపల చీలిన సన్న ముళ్లు ఉంటాయి, ఫిల్లెట్ కొట్టినా పోవు. పులుసులో మనం చేత్తో తీసుకుని తింటాం కాబట్టి ఇబ్బంది లేదు. పిల్లలకి ఫోర్కుతో పెట్టాలంటే ప్రమాదం. వంజరం మంచిదే, నడి ముల్లు ఒక్కటే ఉంటుంది. కానీ దాన్ని చక్రాల్లా కోస్తారు కాబట్టి తోలు పెనానికి ఆనదు. రుచి బాగుంటుంది, ఆ కరకర మాత్రం రాదు.

తాజాదో కాదో చూడ్డం మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి. చెంపలు ఎత్తి చూస్తే లోపల మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే సొట్ట నిలవకూడదు. ఫిల్లెట్‌గా కోసి పెట్టినవి కొంటే ఇవేవీ తెలియవు. అందుకే చేపని చూసి, మీ ముందే కొట్టించుకోండి.

మెల్‌బోర్న్ వంటవాడు

ఉప్పుటేరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఇక్కడ ఒక రెస్టారెంట్‌లో చేపల స్టవ్ దగ్గరే పనిచేశాను. బారాముండి ముక్కలు రోజూ కాల్చేవాళ్లం. ఇంట్లో గ్యాస్ మీద కూడా అచ్చం అలాగే వస్తుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట తడి. తోలు అతుక్కోవడానికీ, మెత్తబడటానికీ అసలు కారణం నీళ్లు. ముక్క మీద నీళ్లున్నంతసేపు పెనం మీద ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా కాలాలంటే 140 డిగ్రీలైనా కావాలి. అంటే నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా చేప ఉడుకుతుంది తప్ప వేగదు. కడిగాక టిష్యూ పేపర్‌తో గానీ, పాత నూలు గుడ్డతో గానీ రెండు వైపులా గట్టిగా అద్దండి. తోలు మీద కత్తి వీపుతో ఒకసారి గీస్తే ఇంకా నీళ్లొస్తాయి, అవీ తుడవండి. పొద్దున ఆఫీసుకెళ్లేముందు ఇది చేసి, తోలు పైకి ఉండేలా ప్లేట్‌లో పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్ అడుగు అరలో ఉంచితే సాయంత్రానికి తోలు కాగితంలా ఆరుతుంది. పని సగం అయిపోయినట్టే.

ఉప్పు సరిగ్గా పెనం మీద పెట్టబోయేటప్పుడే వెయ్యండి. ముందే వేసి ఉంచితే నీరు ఊరుతుంది, మళ్లీ తుడవాలి.

ఇప్పుడు పెనం. మీడియం కంటే కొంచెం పెద్ద మంట మీద ఖాళీ పెనం వేడెక్కనివ్వండి. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాల్చకూడదు, నూనె వేసే వేడి చెయ్యండి. ఒక పెద్ద చెంచా రిఫైన్డ్ నూనె చాలు, పొద్దుతిరుగుడుదైనా వేరుశెనగదైనా సరే. వెన్నతో మొదలుపెట్టకండి, అందులోని పాల పదార్థం ముందే మాడిపోతుంది. నూనె పల్చబడి అలలుగా కదులుతున్నప్పుడు ముక్కని తోలు కిందకి ఉండేలా, మీకు దగ్గరగా ఉన్న అంచు ముందు ఆనించి, అవతలికి వదలండి. నూనె చిందినా మీ మీద పడదు.

వేడి తగలగానే తోలు ముడుచుకుని ముక్క విల్లులా వంగుతుంది. అట్లకాడతో పదిహేను సెకన్లు మెల్లగా అదిమి పట్టుకోండి. తర్వాత వదిలెయ్యండి. ముట్టుకోవద్దు, జరపొద్దు, ఎత్తి చూడొద్దు. తొందరపడి లేపితే తోలు పెనానికే ఉండిపోతుంది. కాలడం పూర్తయితే అదే పెనాన్ని వదులుతుంది. అట్లకాడ అంచున పెట్టి చూడండి, సులువుగా లేస్తే సరే, లేవకపోతే ఇంకో నిమిషం.

రెండు రెండున్నర సెంటీమీటర్ల మందం ముక్కకి తోలు వైపే ఐదారు నిమిషాలు పడుతుంది. మొదటి నిమిషం తర్వాత మంట మీడియంకి తగ్గించండి. పక్క నుంచి చూస్తుంటే, అద్దంలా ఉన్న కండ కింద నుంచి తెల్లబడుతూ పైకి వస్తుంది. మూడొంతులు తెల్లబడ్డాక తిరగెయ్యండి. రెండోవైపు ఒకటిన్నర నిమిషం చాలు. తీసి ప్లేట్‌లో తోలు పైకి పెట్టండి. మూత పెట్టొద్దు, ఆవిరికి తోలు మెత్తబడుతుంది.

సాస్ సంగతి ఇంకో పోస్టులో రాస్తాను, షిఫ్ట్‌కి టైమ్ అవుతోంది.

నిమ్మచెట్టు, హైదరాబాద్

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇనప పెనమా, నాన్‌స్టిక్కా, ఏది వాడమంటారు?

సీమపెనం, కడప

ఇనప పెనమే అక్కా. బాగా నూనె తాగి నల్లబడిన పెనం వేడిని పట్టి ఉంచుతుంది, చల్లటి చేప పడినా చప్పున చల్లారిపోదు. అయితే దోసెల పెనం మీద మాత్రం వద్దు. నీచు వాసన ఇనుముకి పట్టేస్తుంది, మర్నాడు దోసెలో తెలుస్తుంది. మా ఇంట్లో చేపకి వేరే పెనం పెట్టుకున్నాం.

ఇంకో జాగ్రత్త. సాస్‌ని ఇనప పెనంలో చెయ్యొద్దు. నిమ్మరసం, టమాటా లాంటి పులుపు పడితే నూనె పొర ఊడుతుంది, సాస్‌కి ఇనుము రుచి వస్తుంది, తెల్లటి క్రీమ్ బూడిద రంగుకి తిరుగుతుంది. చేప ఇనప పెనం మీద, సాస్ పక్క పొయ్యి మీద చిన్న స్టీలు గిన్నెలో. రెండూ ఒకేసారి నడుస్తాయి, టైమ్ కూడా కలిసొస్తుంది.

నాన్‌స్టిక్ అయినా చేప అతుక్కోదు, కొత్తగా చేసేవాళ్లకి అదే సులువు. కాకపోతే మరీ ఎర్రగా కాల్చలేం. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవుతుంది, పొగ కూడా మంచిది కాదు.

గోదారమ్మ, రాజమండ్రి

నాయనా, అమ్మా, మీరందరూ చదువుకున్నవాళ్లు. నేను పెద్దదాన్ని కాబట్టి ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. చేపలో పాలు, మీగడ కలపడమేమిటి? మా ఇంట్లో చేప వండినరోజు పెరుగు కూడా వడ్డించరు. రెండూ కలిపి తింటే బొల్లి వస్తుందని మా అత్తగారు గట్టిగా చెప్పేవారు. పసిపిల్లలకి పెడతారంటున్నారు, అందుకని భయమేసి రాస్తున్నాను.

చర్మవైద్యురాలు, గుంటూరు

గోదారమ్మ గారూ, మీరు అడిగింది మంచి మాట. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు కాబట్టి జాగ్రత్తగా రాస్తాను.

చేప, పాలు కలిపి తినకూడదన్న మాట ఇవాళ్టిది కాదు. చరక సంహితలో విరుద్ధాహారాల గురించి చెప్పినచోట చేప, పాల జంట ఉంది. మన ఇళ్లలో పాటింపు అక్కడి నుంచి వచ్చిందే. ఆ సంప్రదాయాన్ని పాటించేవారిని నేను తప్పుపట్టను.

బొల్లి విషయం మాత్రం వేరు. మన ఒంటిలోని రక్షణ వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల బొల్లి వస్తుంది. తిండి కలయిక వల్ల రాదు, అంటుకోదు. ఇది గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. బొల్లి వచ్చిన పిల్లల తల్లుల్ని "ఏం పెట్టావో" అని ఇంట్లోవాళ్లు నిందించడం నేను చూస్తూనే ఉంటాను. ఆ తల్లి తప్పేమీ లేదు. ఫిన్లాండ్ వాళ్లు సాల్మన్ చేపని పాలు, క్రీమ్ పోసి చారులా కాచుకుంటారు, అది వాళ్లకి మామూలు ఇంటి భోజనం.

అయితే చేప తిన్నాక ఒళ్లంతా ఎర్రబడి, దద్దుర్లు రావడం నిజంగానే ఉంటుంది. ఒకటి చేప పడని అలర్జీ. రెండోది పాడైన చేప. కానాగంతలు, సూర లాంటి చేపల్ని ఐసు లేకుండా ఎండలో ఉంచితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, దురద వస్తాయి. చాలామంది దీన్ని చూసే "పాలు కలిసినందుకు" అనుకుంటారు. పాలు పడనివాళ్లకి కడుపుబ్బరం వస్తుంది, అది కూడా వేరే సంగతి.

పిల్లలకి చేప కొత్త కాదు, పాలు కొత్త కాదు కాబట్టి నిమ్మచెట్టు గారు భయపడక్కర్లేదు. తాజా చేప కొనండి, బండి మీద నుంచి నేరుగా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

గోదారమ్మ, రాజమండ్రి

డాక్టరమ్మా, ఆ తల్లుల సంగతి చదివాక మనసుకి కష్టమనిపించింది. నిజమే, మా వీధిలోనే ఒక కోడలిని అలా అన్నారు. ఇకమీదట నేను ఆ మాట ఎవరితోనూ అనను.

నాకు మాత్రం ఈ వయసులో పాలతో తినాలంటే మనసొప్పదు. నాలాంటివాళ్లు ఉంటే కొబ్బరిపాలు వాడుకోండి. ముదురు కొబ్బరికాయ ఒకటి తురిమి, గోరువెచ్చటి నీళ్లు అరగ్లాసు పోసి మిక్సీ పట్టి పిండితే మొదటి పాలు చిక్కగా వస్తాయి, అవి పక్కన పెట్టాలి. మళ్లీ నీళ్లు పోసి రెండో పాలు తియ్యాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం సన్నగా తరిగి నూనెలో మగ్గించి, రెండో పాలు పోసి సగమయ్యేదాకా మరిగించి, చివర్లో మొదటి పాలు పోసి పొంగు రాకముందే దించెయ్యాలి. మరిగిందా, నూనె తేలి విరిగినట్టు అవుతుంది. నిమ్మరసం దించాకే. మా కోనసీమ కొబ్బరికి ఏ క్రీమూ సాటి రాదు.

మెల్‌బోర్న్ వంటవాడు

గోదారమ్మ గారూ, ఆ కొబ్బరిపాల సాస్ పండుగప్పకి అద్భుతంగా ఉంటుంది. కేరళ వాళ్ల మోలీ అనే చేపల కూర కూడా ఈ దారిలోదే.

ఇప్పుడు క్రీమ్ సాస్. చేప తీశాక, స్టీలు గానీ నాన్‌స్టిక్ గానీ అయితే అదే పాన్‌లో చెయ్యండి. మాడిన నూనె వంపేసి, అడుగున అంటుకున్న గోధుమరంగు పొర మాత్రం ఉంచుకోవాలి, రుచంతా అందులోనే ఉంది. నల్లగా మాడితే మాత్రం కడిగెయ్యండి, చేదొస్తుంది. చెంచాడు వెన్న వేసి, సన్నగా తరిగిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు సాంబారు ఉల్లిపాయలు చిన్న మంట మీద మగ్గించండి. రంగు రాకూడదు. అరకప్పు వేడినీళ్లు పోసి అడుగు గీకుతూ సగమయ్యేదాకా మరిగించండి. వైన్ పోసేది ఇక్కడే, మీరు వాడరు కాబట్టి నీళ్లే చాలు. ఇంకా బాగుండాలంటే చేప తల, ముల్లు ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టిన నీళ్లు పొయ్యండి.

తర్వాత 150 మిల్లీలీటర్ల క్రీమ్, చిటికెడు ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు. చిన్న మంట మీద రెండు నిమిషాలు. గరిటె వెనక అంటుకుని, వేలితో గీస్తే గీత నిలవాలి. స్టవ్ ఆపాక చెంచాడు నిమ్మరసం, కాస్త నిమ్మ తొక్క తురుము, సన్నగా తరిగిన కొత్తిమీర. సోయకూర దొరికితే అది ఇంకా బాగుంటుంది.

డల్లాస్ డైనింగ్

ఒక విషయం కలుపుతాను. మా దగ్గర దొరికే హెవీ క్రీమ్‌లో కొవ్వు కనీసం 36 శాతం. అంత కొవ్వున్న క్రీమ్ మరిగినా, నిమ్మ పడినా అంత సులువుగా విరగదు. ఇండియాలో చిన్న డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ సాధారణంగా 25 శాతం. వీడియోలు చూసి అలాగే చేస్తే మీకు విరగడానికి కారణం ఇదే. కొవ్వు తక్కువైతే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌కి రక్షణ తక్కువ, పులుపు, వేడి కలిసి తగిలితే గడ్డకడుతుంది.

అందుకని మూడు జాగ్రత్తలు. క్రీమ్‌ని ముందే ఫ్రిజ్ నుంచి తీసి బయట పెట్టండి. అర చెంచా కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల చల్లటి పాలలో కలిపి క్రీమ్‌లో వెయ్యండి, పిండి పట్టి ఉంచుతుంది. నిమ్మరసం మంట ఆపాకే.

ఇక్కడ ఉండే మనవాళ్ల కోసం ఒక మాట. గాలి తీసిన ప్యాకెట్లలో గడ్డకట్టిన సాల్మన్, కాడ్ కొంటే రాత్రి ఫ్రిజ్‌లో పెట్టేముందు ప్యాకెట్ కత్తిరించి తెరవండి. మూసిన ప్యాకెట్‌లో కరిగిస్తే గాలి లేనిచోట పెరిగే ప్రమాదకర బ్యాక్టీరియా భయం ఉంటుంది. ఉడికిందో లేదో అనుమానముంటే థర్మామీటర్ గుచ్చండి, మధ్యలో 63 డిగ్రీలు ఉంటే నిశ్చింత.

పాలకుండ, చిత్తూరు

ఇంట్లో పాల మీగడ వాడొచ్చా? వారం రోజుల మీగడ డబ్బాలో దాచి ఉంది.

డల్లాస్ డైనింగ్

దాచిన మీగడ వద్దండి. అది అప్పటికే పులవడం మొదలవుతుంది, వేడి తగలగానే విరుగుతుంది. అది వెన్నకే పనికొస్తుంది. ఆరోజు కాచిన పాల మీగడ అయితే రెండు చెంచాల పాలతో మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వాడండి. అదీ లేకపోతే పది జీడిపప్పులు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి మెత్తగా రుబ్బి వెయ్యండి. జీడిపప్పు విరగదు. మరీ చిక్కబడితే నీళ్లు పొయ్యాలంతే.

కొర్రమట్ట, కరీంనగర్

మా దగ్గర పండుగప్ప ఎక్కువ దొరకదు. కొర్రమట్ట బతికున్నది తెచ్చుకుంటం. అదే తెలంగాణ రాష్ట్ర చేప కూడా. దానితో చేయొచ్చా? ఇంకోటి, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించకుంటే నీచు వాసన పోతదా?

ఉప్పుటేరు, భీమవరం

కొర్రమట్ట అంటే మా కొరమీనే, భేషుగ్గా పనికొస్తుంది తమ్ముడూ. కండ గట్టి, సన్న ముళ్లు లేవు. అయితే బతికున్నదాన్ని కోసి వెంటనే పెనం మీద వేస్తే కండ బిగుసుకుని వంకర తిరుగుతుంది. కోయించాక నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వండు. కొట్లో దాని తోలు ఎలాగూ ఒలిచేస్తారు కాబట్టి, ఆ వైపు పల్చగా బియ్యప్పిండి గానీ మైదా గానీ అద్ది, దులిపి వెయ్యి. ఎర్రటి పొర వస్తుంది.

మెల్‌బోర్న్ వంటవాడు

వాసన సంగతి నేను చెబుతాను. సముద్రపు చేప పాతబడేకొద్దీ అందులో అమీన్లు అనే పదార్థాలు తయారవుతాయి, నీచు వాసన వాటిదే. చెరువు చేపలో వచ్చే మట్టి వాసన జియోస్మిన్ అనే పదార్థం వల్ల. రెంటికీ పులుపే మందు. పసుపు, ఉప్పు, నిమ్మరసం రాసి పది నిమిషాలుంచి కడిగి, తడి లేకుండా తుడవండి. ఎక్కువసేపు ఉంచితే నిమ్మకి కండ పైపైన ఉడికినట్టు తెల్లబడి పొడిపొడి అవుతుంది.

అల్లం వెల్లుల్లి ముద్ద మన వేపుడుకి ప్రాణం, కాదనను. కానీ ఇక్కడ అది చేపకంటే ముందే మాడిపోతుంది, పెనానికి అంటుకుంటుంది, తోలు తడిగా ఉండిపోతుంది. ఆ రుచి కావాలంటే సాస్‌లో వెయ్యండి.

పులుసుప్రియ, నెల్లూరు

సాస్‌లో మిరియాలొకటే ఉంటే మా ఇంట్లో చప్పగా ఉందంటారు. నేను ఆవ పెడతాను. పనసపొట్టు కూరకి పెట్టినట్టే. అర చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నీళ్లతో మెత్తగా నూరి, సాస్ దించాక కలుపుతాను. మంట మీద ఉండగా వేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. క్రీమ్‌లో ఆవ ఘాటు ముక్కుకి మెల్లగా తగులుతుంది. ఫ్రెంచివాళ్లు కూడా క్రీమ్ సాస్‌లో ఆవ ముద్ద వేస్తారని తర్వాత తెలిసింది. చేప తీసిన నూనెలో నాలుగు కరివేపాకు రెబ్బలు వేయించి పైన చల్లండి. పిల్లలకి మాత్రం ఆవ వెయ్యకముందే కొంచెం తీసి పెట్టండి.

లువార్ ఒడ్డున, ఫ్రాన్స్

ఆవ మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తాను. చదువు కోసం వచ్చి నాంత్ నగరంలో ఉంటున్నాను. ఇక్కడి లువార్ నది చేపకి క్రీమ్ లేని సాస్ ఒకటి ప్రసిద్ధి, బర్ బ్లాంక్. సన్న ఉల్లిపాయలు వెనిగర్, వైట్ వైన్‌లో ఇగిరేదాకా మరిగించి, మంట బాగా తగ్గించి, చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటీ వేస్తూ గిలక్కొడతారు. పిండి లేదు, మీగడ లేదు, వెన్నే చిక్కటి తెల్ల సాస్ అవుతుంది. మరిగితే మాత్రం వెన్న కరిగి విడిపోతుంది.

నన్ను కదిలించింది సాస్ కాదు, చేప. బర్ బ్లాంక్‌తో ఇక్కడివాళ్లు పూర్వం నుంచీ తినేవాటిలో అలోజ్ అనే చేప ఒకటి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది వస్తుంది. మన పులసకి చుట్టం. ఒళ్లంతా ముళ్లు, అయినా సీజన్ వస్తే జనం వెతుక్కుని కొంటారు. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే యానాం, ధవళేశ్వరం దగ్గర పులస కోసం ఎదురుచూసే మా వాళ్లు గుర్తొచ్చారు. అక్కడ చింతపండు, బెండకాయ, ఆవకాయ నూనె. ఇక్కడ వెనిగర్, వెన్న. కొవ్వున్న చేపకి పులుపు తోడుండాలని రెండు నదుల వాళ్లకీ తెలుసు.

గోదారమ్మ, రాజమండ్రి

బాబూ, పులసకి చుట్టం అక్కడ కూడా ఉందా! ఎంత సంతోషంగా ఉందో. పులసని మాత్రం ఎవరూ క్రీమ్‌లో వెయ్యకండి, దానికి పులుసే.

నిమ్మచెట్టు, హైదరాబాద్

నిన్న సాయంత్రం చేశాను. పండుగప్ప ఆదివారమే ఆర్డర్ చెప్పి, నిన్న పొద్దున తెప్పించాను. తుడిచి, తోలు పైకి పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఆఫీసుకెళ్లాను. ఇనప పెనం మీద చేప, పక్కన స్టీలు గిన్నెలో సాస్. కార్న్‌ఫ్లోర్ వేశాను, నిమ్మరసం ఆపాకే పోశాను. ఎక్కడా విరగలేదు. తోలు పెనాన్ని దానంతట అదే వదలడం చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. బియ్యం కడిగి కుక్కర్ పెట్టిన దగ్గర్నుంచి అరగంటలో ముగిసింది. చిన్నవాడు తోలు కోసం అక్క ప్లేటులో చెయ్యి పెట్టాడు.

ఒక్క సందేహం. సాస్ పైన పోసి వడ్డిస్తే రెండు నిమిషాల్లో తోలు మెత్తబడింది. దీనికేమైనా ఉపాయం ఉందా? దీంతోపాటు ఏం వండుతారు? మేం అన్నంతో తిన్నాం, బాగానే ఉంది.

మెల్‌బోర్న్ వంటవాడు

చాలా సంతోషం అండి! సాస్ ఎప్పుడూ కింద. ముందు ప్లేట్‌లో సాస్ పోసి, దాని మీద ముక్క తోలు పైకి పెట్టండి. కండ సాస్‌ని పీల్చుకుంటుంది, తోలు గాలికి ఉంటుంది.

సీమపెనం, కడప

అన్నంతోనే బాగుంటుంది అక్కా, కాకపోతే సాస్ కాస్త పల్చగా ఉండాలి. మేము ఉడికించిన ఆలుగడ్డలు వెన్న, మిరియాలు వేసి మెదిపి పెట్టుకుంటాం. బీన్స్ ఉప్పునీళ్లలో నాలుగు నిమిషాలు ఉడికించి, చేప తీసిన పెనం మీదే ఒకసారి తిప్పితే వేరే కూర అక్కర్లేదు. పాలకూర రెండు గుప్పెళ్లు సాస్‌లోనే వేసినా మగ్గిపోతుంది.

పాలకుండ, చిత్తూరు

మిగిలితే మర్నాడు బాక్సులో పెట్టొచ్చా?

ఉప్పుటేరు, భీమవరం

వద్దమ్మా. తిరిగి వేడి చేస్తే చేప ఎండుతుంది, సాస్ నూనె తేలుతుంది. ఎన్ని ముక్కలు తింటారో అన్నే వండుకోండి. మిగిలిన పచ్చి ముక్కలు ఉప్పు, కారం పట్టించి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు వేపుడుకి వస్తాయి. తల, ముల్లు పులుసు ఎలాగూ ఉంది.

నిమ్మచెట్టు, హైదరాబాద్

ఆ పులుసు ఇవాళ పెట్టాను. వచ్చే ఆదివారం మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు, మొత్తం ఎనిమిది మందిమి. ఇదే చెయ్యమంటున్నారు. పెనం మీద మూడు ముక్కలే పడతాయి. అందరికీ వేడిగా ఎలా వడ్డించాలి?

మెల్‌బోర్న్ వంటవాడు

సాస్ ముందే చేసేయండి, నిమ్మరసం, కొత్తిమీర తప్ప. వేడినీళ్లతో కడిగిన ఫ్లాస్క్‌లో పోసి మూత పెడితే గంటసేపు వేడిగా, విరగకుండా ఉంటుంది. చాలా హోటళ్లలో చేసేది ఇదే. వడ్డించేముందు గిన్నెలోకి వంచి నిమ్మ పిండండి.

చేపకి రెండు పెనాలు పెట్టండి, ఇనపది ఒకటి, నాన్‌స్టిక్ ఒకటి. ముక్కల్ని ఇరికించొద్దు, మధ్యలో రెండు వేళ్ల ఖాళీ ఉండాలి, లేకపోతే ఆవిరి పోక ఉడికిపోతాయి. మొదటి విడత ముక్కల్ని తోలు వైపు పూర్తిగా కాల్చి, తిరగెయ్యకుండానే తీసి తోలు పైకి పెట్టి జాలీ మీద ఉంచండి. రెండో విడత కూడా అంతే. అందరూ కూర్చున్నాక పెనం మళ్లీ వేడి చేసి, అన్నింటినీ కండ వైపు కిందకి పెట్టి రెండు నిమిషాలు కాల్చండి. కండ వైపు కాబట్టి కొంచెం దగ్గరగా పెట్టినా ఫర్వాలేదు. ఎనిమిది ప్లేట్లూ ఒకేసారి వెళ్తాయి.

కొర్రమట్ట, కరీంనగర్

ఫ్లాస్క్ ఉపాయం మస్తుంది అన్నా. మా ఇంట్ల శనివారం కొర్రమట్టతో చేస్తున్న, ఆవ పెట్టి.